తొమ్మిది రోజుల ఎవరెస్ట్ ప్యాకేజీకి ఊ అనొచ్చా?

ప్రశ్న: అక్కా, మాది హిందూపురం. పెళ్లయ్యాక పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నాకు 35, మావారికి 40. ఆయన ఆఫీసు స్నేహితులు నలుగురు దసరాకి నేపాల్ ప్లాన్ చేశారు. మొత్తం తొమ్మిది రోజులు. ఎవరెస్ట్ బేస్ క్యాంప్, తిరుగు ప్రయాణంలో రాఫ్టింగ్, బంజీ జంప్. మేమిద్దరం కూడా చేరాలని మావారి పట్టుదల. నేనెప్పుడూ ట్రెక్కింగ్ చేయలేదు. అపార్ట్‌మెంట్‌లో రోజూ అరగంట నడుస్తాను, అంతే. ఎత్తులంటే కాస్త భయం. మావారు రెండేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నారు. ఏడేళ్ల పాపని అత్తయ్యగారి దగ్గర వదలాలి. ఆవిడకి 67. ‘అంత దూరం వెళ్లి ముక్తినాథ్ గుడి చూడకుండా వస్తారా’ అంటున్నారు. నాకు పాస్‌పోర్ట్ కూడా లేదు, ఆధార్ ఉంది. నేను వెళ్లగలనా? నా వల్ల అందరి ట్రిప్పూ పాడవుతుందేమోనని టెన్షన్. వద్దంటే ఆయన చిన్నబుచ్చుకుంటారు.
పేరు వద్దు, బెంగళూరు

జవాబు: చెల్లెమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. మీరు నేపాల్ వెళ్లగలరు. ఆ ప్యాకేజీలో మాత్రం వెళ్లకండి. మీరొక్కరే కాదు, మీవారూ, ఆ నలుగురూ కూడా వెళ్లకూడదు. లోపం మీ ఒంట్లో లేదు, ఆ తొమ్మిది రోజుల లెక్కలో ఉంది.

లెక్క మీరే చూడండి. బెంగళూరు నుంచి ఢిల్లీ మీదుగా కాఠ్మాండూ చేరేసరికి ఒక రోజు పోతుంది, రావడానికి ఇంకో రోజు. మిగిలింది ఏడు. ఎవరెస్ట్ వైపు నడక లుక్లాలో మొదలవుతుంది. అక్కడి రన్‌వే 527 మీటర్లే, అదీ కొండ అంచున ఏటవాలుగా ఉంటుంది. మబ్బు పట్టిందంటే విమానాలు ఆగిపోతాయి, ఒక్కోసారి రెండు మూడు రోజులు వరసగా. అక్టోబరు రద్దీలో ఆ చిన్న విమానాలు చాలావరకు కాఠ్మాండూ నుంచి కాక మంథలి అనే ఊరి నుంచి ఎగురుతాయి. మన మంథని కాదు, మంథలి. అర్ధరాత్రి లేచి జీపులో నాలుగైదు గంటలు వెళితే వస్తుంది.

లుక్లా ఎత్తు 2,860 మీటర్లు, బేస్ క్యాంప్ 5,364. పైన గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానికి దాదాపు సగం. అంటే ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజనూ సగమే. దానికి ఒళ్లు అలవాటు పడాలంటే రాత్రులు గడవాలి, వేరే దారి లేదు. 3,000 మీటర్లు దాటాక నిన్న పడుకున్న చోటుకన్నా ఈ రోజు పడుకునే చోటు 500 మీటర్లకు మించి పైన ఉండకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఎక్కడం ఆపి ఒక రోజు ఆగాలని డాక్టర్లు చెబుతారు. ఆ పద్ధతిలో పైకి ఎనిమిది రోజులు, దిగడానికి మూడు నాలుగు పడతాయి. దీన్ని ఏడు రోజుల్లో ఇరికించాలంటే దారిలో నామ్చే బజార్, దింగ్‌బోచే అనే ఊళ్లలో ఆగాల్సిన రోజుల్ని కోసెయ్యాలి. మనల్ని కాపాడే రోజులే అవి. వాటిని తీసేసి, పైనుంచి హెలికాప్టర్‌లో దింపుతామని చెప్పి, అదే గొప్పగా అమ్ముతారు.

అందుకని ఏ ట్రెక్ గురించైనా ఎన్ని కిలోమీటర్లని అడగకండి. ఏ రాత్రి ఏ ఊళ్లో పడుకుంటాం, దాని ఎత్తెంత? ఇదొక్కటి కాగితం మీద రాసిమ్మనండి. రాసిచ్చిన వాళ్లతో మాట్లాడొచ్చు. ‘అవన్నీ మా గైడ్ చూసుకుంటాడు మేడమ్’ అనే వాళ్లకి దండం పెట్టి వచ్చేయండి.

ఇదంతా నాకెలా తెలుసంటే, పన్నెండేళ్ల కిందట నేను కూడా అలాంటి కాగితానికే ఊ అన్నాను. నాకప్పుడు 41. వెళ్లింది అన్నపూర్ణ బేస్ క్యాంప్, 4,130 మీటర్లు. ప్యాకేజీ అమ్మినాయన మా సెలవుల్ని బట్టి రోజులు తగ్గించాడు, మేమూ సంతోషించాం. మూడో రాత్రి దేవరాలీలో తలనొప్పి మొదలైంది. ఫిల్టర్ కాఫీ లేక వచ్చిందనుకున్నాను. మాత్ర వేసుకుని ఎవరికీ చెప్పలేదు, గైడ్‌కి అసలే చెప్పలేదు. చెబితే ఆపేస్తాడని భయం. నా వల్ల అందరిదీ పాడవుతుందని మీరు రాశారే, సరిగ్గా ఆ మాటే నా మనసులో కూడా తిరుగుతోంది.

మర్నాడు పొద్దున మచ్ఛపుచ్ఛ్రే బేస్ క్యాంప్ దగ్గర, 3,700 మీటర్ల ఎత్తులో, టీ హౌస్ (ట్రెక్‌లో బస చేసే లాడ్జిని అలా అంటారు) బయట బల్ల మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాను. రెండు కొసలూ రెండు చేతుల్లో ఉన్నాయి. దేని మీదుగా దేన్ని తిప్పాలో తెలియలేదు. మర్చిపోవడం కాదు, ఆ రెండు కొసలకీ ఏదో సంబంధం ఉందన్న సంగతే తట్టలేదు. వాటిని చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. మా గైడ్ ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, వచ్చి మోకాళ్ల మీద కూర్చుని ముడి వేశాడు. లేపి, వాకిట్లో పరిచిన రాళ్ల గీత వెంట మడమకి వేలు ఆనించి నడవమన్నాడు. మూడో అడుగుకి గోడ పట్టుకున్నాను. ‘దీదీ, కిందికి’ అని నా బ్యాగు తన భుజాన వేసుకున్నాడు. నేను ఏడ్చాను, బతిమాలాను. అతను వినలేదు. సాయంత్రానికి హిమాలయ అనే చోటుకి దిగాం, అవును, ఆ మజిలీ పేరే హిమాలయ. అక్కడ నేను రెండోసారి అన్నం అడిగి వడ్డించుకున్నాను. తలనొప్పి ఎప్పుడు పోయిందో కూడా గుర్తులేదు. మావారు పైదాకా వెళ్లొచ్చారు. హాల్లో గోడ మీదున్న ఆ ఫొటోలో ఆయన ఒక్కరే ఉంటారు. మూడేళ్ల తర్వాత రెండు రోజులు ఎక్కువ పెట్టుకుని మళ్లీ వెళ్లాను. అదే నేను, అవే మోకాళ్లు. ఈసారి తల నొప్పెట్టలేదు.

ఆ గైడ్‌కి తెలిసిందేమిటో మీకూ చెబుతాను, కొండల మీద డబ్బుకన్నా అదే అవసరం. 2,500 మీటర్లు దాటాక తలనొప్పితో పాటు వికారం, నీరసం, కళ్లు తిరగడం, ఆకలి చచ్చిపోవడం లాంటివి వస్తే ఉన్నచోటే ఆగాలి. తగ్గేదాకా ఒక్క అడుగూ పైకి వేయకూడదు. నడక తూలినా, మాట తడబడినా, ఊరికే కూర్చున్నా ఆయాసం వచ్చినా వెంటనే దిగాలి, అర్ధరాత్రైనా సరే. ఈ ఎత్తు జబ్బు ఎవరికి వస్తుందో ముందే చెప్పలేం. రోజూ జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లకీ వస్తుంది, వాళ్లు తొందరపడతారు కాబట్టి ఇంకాస్త ముందే వస్తుంది. అందుకని మీ అరగంట నడక చూసి మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోకండి.

మీవారి బీపీ అదుపులో ఉంటే కొండలు ఎక్కకూడదనేం లేదు. ఎత్తు పెరిగేకొద్దీ బీపీ కాస్త పెరగొచ్చు కాబట్టి వెళ్లే నెల ముందు డాక్టర్‌కి చూపించి, ఎంత ఎత్తుకి వెళ్తున్నారో అంకెతో సహా చెప్పాలి. మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు. ఎత్తుకి ముందుజాగ్రత్తగా వేసుకునే అసిటజోలమైడ్ గురించి కూడా ఆయన్నే అడగండి. సల్ఫా మందులు పడని వాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. అది వేసుకుంటే వేళ్ల కొసలు చిమచిమలాడతాయి, మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుంది. కంగారు పడకండని చెబుతున్నాను. పైన ఉన్నన్ని రోజులూ మద్యం, నిద్రమాత్రలు వద్దు. మద్యం మాట ఆ నలుగురికి.

సరే, అయితే ఎక్కడికి వెళ్లాలి? సెలవు ఇంకొక్క రోజు పెంచి పది చేసుకోండి. పోఖరా చేరి, ఘోరేపానీ, పూన్ హిల్, ఘాంద్రుక్ దారి పట్టండి. నాలుగైదు రోజుల నడక. అన్నింటికన్నా ఎత్తైన చోటు పూన్ హిల్, 3,210 మీటర్లు, అక్కడ ఓ గంట ఉండి దిగేస్తారు. పడుకునేది ఘోరేపానీలో, సుమారు 2,870 దగ్గర. బేస్ క్యాంప్ అన్న పేరు లేదు కదా అని మీవారి స్నేహితులు మూతి ముడుస్తారు. తెల్లవారుజామున నాలుగున్నరకి టార్చి వెలుతురులో పూన్ హిల్ ఎక్కి నిలబడితే ఎడమ పక్క 8,167 మీటర్ల ధవళగిరి, ఎదురుగా అన్నపూర్ణ శిఖరాలు, కుడి పక్క చేప తోకలాంటి మచ్ఛపుచ్ఛ్రే. మనుషులు మొట్టమొదట ఎక్కిన ఎనిమిది వేల మీటర్ల శిఖరం అన్నపూర్ణే, 1950 జూన్ 3న. మచ్ఛపుచ్ఛ్రే శివుడి కొండని నమ్ముతారు, దాన్ని ఎక్కడానికి అనుమతి లేదు. జనం మాత్రం తిరుమల కంపార్ట్‌మెంట్‌లో ఉన్నట్టే ఉంటారు, ముందే చెబుతున్నాను. నాకైతే పూన్ హిల్‌కన్నా మర్నాడు తాడాపానీలో టీ తాగుతూ చూసిన పొద్దే బాగుంది.

తిరిగొచ్చాక పోఖరాలో ఒక రోజు ఖాళీగా పెట్టుకోండి. వాన వస్తే ఆదుకునే రోజది, రాకపోతే సారంగ్‌కోట్ వైపు కొండల నుంచి పారాగ్లైడింగ్. అక్టోబరులో ఆకాశం తేటగా ఉంటుందని అందరూ చెబుతారు. నిజమే కానీ, మన బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తే దాని తోక అక్కడిదాకా తగులుతుంది. 2014 అక్టోబరు 12న వైజాగ్‌ని ఊడ్చేసిన హుద్‌హుద్ గుర్తుందా? రెండు రోజుల తర్వాత అదే తుపాను అన్నపూర్ణ చుట్టూ ఉన్న కొండల మీద మంచుగా విరుచుకుపడింది. 5,416 మీటర్ల థోరాంగ్ లా కనుమ దగ్గరా చుట్టుపక్కలా నలభై మందికి పైగా చనిపోయారు. అందుకే బయల్దేరే వారం వైజాగ్ వాతావరణ వార్తలు కూడా వినండి, నవ్వులాటకి అనడం లేదు.

ఇక మెట్ల సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీ మూడు నెలల పని ఇదే. పూన్ హిల్ దారిలో తిఖేఢుంగా నుంచి ఉల్లేరీ అనే ఊరికి రాతిమెట్లు మూడు వేలకు పైగా ఉంటాయి, ఒక్క పూటలో ఎక్కాలి. హడలిపోకండి. అలిపిరి మెట్లు 3,550. మీరెప్పుడైనా నడిచి కొండెక్కి ఉంటే ఉల్లేరీ మీకు కొత్తేం కాదు, ఆ మోకాళ్ల పర్వతం దగ్గర ఆయాసం ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. తేడా ఏమిటంటే తిరుమలలో దర్శనమయ్యాక బస్సెక్కి దిగుతాం. అక్కడ దిగడం కూడా నడకే, అదీ రోజుల తరబడి. నేపాలీలు ఎగుడుని ఉకాలో అంటారు, దిగుడుని ఓరాలో అంటారు. పట్నం వాళ్లని ఏడిపించేది ఓరాలో. ఎక్కడానికి గుండె, ఊపిరి కావాలి. దిగడానికి తొడ కండరాలు బ్రేకులా పనిచేయాలి. అవి అలసిపోతే బరువంతా మోకాలి మీద పడుతుంది.

కాబట్టి మీ అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఎక్కి పైకి వెళ్లి, మెట్ల మీద దిగండి. సరిగ్గానే చదివారు. మాది పద్నాలుగు అంతస్తులు. మొదటి వారం రెండుసార్లు దిగేసరికి పిక్కలు వణికాయి. మర్నాడు టాయ్‌లెట్‌లో కూర్చోవడానికి గోడ పట్టుకున్నాను. మూడో రోజుకి మా సెక్యూరిటీ ఆయన ‘లిఫ్ట్ పైకే పనిచేస్తోందా మేడమ్, కిందికి రావడం లేదా?’ అని టెక్నీషియన్‌కి ఫోన్ చేయబోయాడు. నెల తర్వాత ఎక్కడం కూడా మెట్ల మీదే మొదలుపెట్టండి. తర్వాత బ్యాగులో రెండు నీళ్ల సీసాలు, ఓ కిలో బియ్యం ప్యాకెట్ వేసుకోండి. వారానికి నాలుగు రోజులు చాలు. ఐదో రోజు మోకాలు అడ్డం తిరిగితే దాని మాట వినండి.

శనివారాలు ఊరు దాటండి. సుల్తాన్‌పేట వైపు నుంచి పాత మెట్ల దారిలో నంది కొండ ఎక్కండి, వెయ్యికి పైగా మెట్లుంటాయి. పైన రోడ్డు దాకా కారులో వెళ్లి ఫొటో దిగి రావడం లెక్కలోకి రాదు. శివగంగ మంచిది. స్కందగిరికి ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవాలి. బయల్దేరడానికి మూడు వారాల ముందు అలిపిరి ఎక్కి, దర్శనం చేసుకుని, మర్నాడు పొద్దున్నే నడిచి దిగండి. దిగిన మూడో రోజుకి మామూలుగా నడవగలిగితే మీరు తయారైనట్టే. స్వామి దర్శనం కూడా అయిందని అత్తయ్యగారు సంతోషిస్తారు. ఇవన్నీ కాళ్లకే గానీ ఎత్తు అలవాటుకి పనికిరావు. నంది కొండ 1,478 మీటర్లే. మన దక్షిణాదిలో అన్నింటికన్నా ఎత్తైన ఆనముడి కూడా 2,695. ఎత్తుకి మనం ఇక్కడ చేయగలిగిందేమీ లేదు, అక్కడికి వెళ్లి మెల్లగా నడవడం తప్ప. బిస్తారై, బిస్తారై అంటారు వాళ్లు. మెల్లగా, మెల్లగా అని.

బూట్లు ఇప్పుడే కొనండి, ఆ మెట్లన్నీ వాటితోనే దిగండి. మామూలు సైజుకన్నా అర సైజు పెద్దవి తీసుకోండి, లేకపోతే దిగేటప్పుడు బొటనవేలు ముందుకి గుద్దుకుని గోరు నల్లబడుతుంది. గోళ్లు వెళ్లే ముందు రోజు కత్తిరించుకోండి. నడకకర్రలు రెండు తప్పనిసరి. దళసరి జాకెట్లు కొనకండి, పోఖరా లేక్‌సైడ్‌లో అద్దెకి దొరుకుతాయి. కాటన్ బనియన్లు చెమటకి తడిసి ఆరవు, చలి పుట్టిస్తాయి. నెలసరి అక్కడ వస్తుందేమోనని మీరు అడగలేదు గానీ నేను చెబుతాను: చలికీ అలసటకీ తేదీలు అటూ ఇటూ అవుతాయి, ప్యాడ్లు ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి. వాడినవి వేసుకోవడానికి జిప్ కవర్లు కూడా. కొండ మీద పారేయకుండా పోఖరా దాకా తెచ్చేయండి.

ఎత్తుల భయానికి ఒక మాట. ఆ దారిలో వేలాడే వంతెనలు చిన్నవే. అవి ఊగుతాయి, ఊగడానికే కట్టారు. మన అడుగులకే ఊగుతుంది కాబట్టి గుంపుగా కాకుండా ఒక్కొక్కరే వెళ్లండి. పాదాల వంక చూడకుండా అవతలి గట్టు మీద ఏదో ఒక రాయిని చూస్తూ నడవండి. నిజానికి భయపడాల్సింది కంచరగాడిదలకి. బియ్యం బస్తాలు, గ్యాస్ సిలిండర్లు మోసుకుంటూ వరసగా వస్తాయి, మెడ గంటలు దూరం నుంచే వినిపిస్తాయి. వినపడగానే కొండ వైపు గోడకి ఆనుకుని నిలబడాలి. లోయ వైపు ఎప్పుడూ నిలబడకూడదు. ఫొటో కోసమని కూడా. పక్కనుంచి వెళ్లే బస్తా తగిలితే చాలు, అది మనల్ని నెడుతున్నానని కూడా అనుకోదు.

పారాగ్లైడింగ్‌లో మీ వెనక పైలట్ ఉంటాడు, మీరు చేయాల్సింది పది అడుగులు పరిగెత్తడం. మధ్యలో ఆగిపోకూడదు, అదొక్కటే షరతు. ఎత్తుల భయం ఉన్న నా స్నేహితురాలు ఒకామె గాల్లోకి లేచాక హాయిగా ఉందని చెప్పింది, కాళ్ల కింద అంచు కనపడకపోవడమే కారణమట. మీకు ఎలా ఉంటుందో నేను హామీ ఇవ్వను. రాఫ్టింగ్ పోఖరా నుంచి కాఠ్మాండూ వచ్చే దారిలోనే, త్రిశూలి నదిలో. రోడ్డు ఆ నది పక్కనే వెళ్తుంది. మూడో గ్రేడు అలలు, ఈత రాకపోయినా ఫరవాలేదు. లైఫ్ జాకెట్ బకిల్స్ గైడ్ బిగించాక మీ చెయ్యి దూరుతుందేమో చూడండి, దూరితే ఇంకా బిగించమనండి. భోటే కోశీ నది జోలికి వెళ్లకండి, అది చేయి తిరిగిన వాళ్లకి. బంజీ మాత్రం మీవారికి వద్దు. నేపాల్‌లో భోటే కోశీ మీద దూకుడు 160 మీటర్లు, కుష్మాలో 228. బీపీ మాత్ర వేసుకునే మనిషి తలకిందులుగా అంత ఎత్తు నుంచి పడక్కర్లేదు. కావాలంటే నా పేరు చెప్పండి, కోపం నా మీదకి మళ్లుతుంది.

కాఠ్మాండూ, పోఖరాల మధ్య సుమారు 200 కిలోమీటర్లు, బస్సుకి రోజంతా పడుతుంది. పగటి బస్సే ఎక్కండి, రాత్రి బస్సు ఎంత చవకైనా వద్దు. దసరా అంటే వాళ్లకి దశైం, ఏడాదిలో అతి పెద్ద పండగ. బస్సులు కిక్కిరిసిపోతాయి, గైడ్లలో చాలామంది ఊళ్లకి వెళ్లిపోతారు కాబట్టి మనిషిని ఇప్పుడే మాట్లాడుకోండి. 2023 ఏప్రిల్ నుంచి లైసెన్స్ ఉన్న గైడ్ ఉండాలని నియమం పెట్టారు, లేకపోయినా నేను పెట్టుకోమనే చెబుతాను. అన్నపూర్ణ ప్రాంతం పర్మిట్ మనలాంటి సార్క్ దేశాల వాళ్లకి 1,000 నేపాలీ రూపాయలు, మిగతా విదేశీయులకి 3,000. మన వంద వాళ్ల 160. పట్నాల్లో కొన్ని దుకాణాల్లో మన యూపీఐ పనిచేస్తుంది, కొండ మీద పనిచేయదు. మన నోట్లలో వందలు తీసుకెళ్లడమే మేలు. ఇద్దరికీ కలిపి ఒక పోర్టర్‌ని పెట్టుకోండి, బ్యాగుల బరువు మీరు మోయగలిగినంతే ఉంచండి. అతని కాళ్లకి బూట్లున్నాయో లేదో బయల్దేరే ముందే చూడండి.

తిండికి మనవాళ్లకి ఇబ్బంది లేదు. దాల్ భాత్ అంటే అన్నం, పప్పు, కూర, ఊరగాయ. పప్పు పల్చగా ఉంటుంది, ఎన్నిసార్లైనా వడ్డిస్తారు. ‘దాల్ భాత్ పవర్, 24 అవర్’ అని టీషర్టుల మీదే రాసుకున్నారు. చిన్న సీసాలో గోంగూర, ఓ ప్యాకెట్ కందిపొడి పట్టుకెళ్లండి, మూడో రోజుకి విలువ తెలుస్తుంది. పడుకున్న టీ హౌస్‌లోనే తినాలి, అది అక్కడి మర్యాద. గది చవగ్గా ఇచ్చి తిండి మీద సంపాదించుకుంటారు.

ఇన్సూరెన్స్ కాగితంలో ట్రెక్కింగ్ ఎంత ఎత్తు వరకు వర్తిస్తుందో, హెలికాప్టర్ ఖర్చు వస్తుందో వెతకండి. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి పరిమితి ఉంటుంది. అలాగే కాస్త తల నొప్పెట్టగానే హెలికాప్టర్ పిలుద్దామని తొందరపెట్టే వాళ్లుంటారు. ఇన్సూరెన్స్ డబ్బు కోసం అవసరం లేని రెస్క్యూలు చేయించడం మీద 2018లో నేపాల్ ప్రభుత్వమే విచారణ జరిపించింది. కాళ్ల మీద దిగగలిగితే దిగడమే మందు.

మీవారితో ఎలా మాట్లాడాలో కూడా చెప్పనా? ‘నాకు భయంగా ఉంది’ అని మొదలుపెట్టకండి, ధైర్యం చెప్పడం మొదలుపెడతారు, సంగతి పక్కకి పోతుంది. ఆ కాగితం ముందు పెట్టి రాత్రుల ఎత్తులు ఇద్దరూ కలిసి రాయండి. ఇంజినీరు మనుషులకి అంకెలు అర్థమవుతాయి. స్నేహితులు ఎవరెస్టే కావాలంటే పదహారు రోజుల సెలవు దొరికినప్పుడు వెళ్లమనండి, అప్పటికి మీవారికి ఈ ట్రిప్పు అనుభవం ఉంటుంది, మీకు కూడా. ఈసారికి వాళ్లూ మీతో వస్తే సరే. రాకపోతే మీరిద్దరే వెళ్లండి. పదేళ్లలో ఇద్దరే వెళ్లిన ట్రిప్పులెన్ని, లెక్కపెట్టుకోండి.

అత్తయ్యగారి ముక్తినాథ్ ఈ ట్రిప్పులో కలపకండి. 820 మీటర్ల పోఖరా నుంచి జీపులో ఒక్క రోజులో 3,700 దాటిన గుడికి వెళ్తే, నడవకపోయినా తల తిరుగుతుంది. కూర్చుని వెళ్లినంత మాత్రాన ఎత్తు తగ్గదు కదా. ఆవిడని వచ్చే మార్చి, ఏప్రిల్‌లో ప్రత్యేకంగా తీసుకెళ్లండి. దారిలో కొండల మీద లాలీ గురాంస్ అనే పూలు ఎర్రగా పూసి ఉంటాయి. జోమ్‌సోమ్‌లో ఒక రాత్రి ఆగి, మెల్లగా పైకి వెళ్లండి. 108 ధారల కింద స్నానం చేస్తానని ఆవిడ పట్టుబడితే నీళ్లు మంచులా ఉంటాయని ముందే చెప్పి ఉంచండి. పాపని కూడా తీసుకెళ్లొచ్చు అప్పుడు. సాలగ్రామాలు పుట్టే కాళీ గండకి ఆ దారి పొడవునా పక్కనే కనిపిస్తుంది.

చివరికి మీ కాగితాలు. నేపాల్‌కి మనకి వీసా అక్కర్లేదు. కానీ విమానంలో వెళ్లే పెద్దవాళ్లకి పాస్‌పోర్ట్ గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి. 65 దాటిన వాళ్లకీ, 15 లోపు పిల్లలకీ ఆధార్ సరిపోతుంది. అంటే అత్తయ్యగారికీ పాపకీ చాలు, మీకు చాలదు. మీ ఓటు ఇంకా హిందూపురంలోనే ఉందేమో, కార్డు పుట్టింటి బీరువాలో ఉండి ఉంటుంది. ఈ ఆదివారం నాన్నగారికి ఫోన్ చేసి వెతికించండి. దొరికాక అందులో మీ ఇంటిపేరు పెళ్లికి ముందుదే ఉంటే టికెట్ కూడా ఆ పేరుతోనే, అవే అక్షరాలతో తీయించండి.